సవాయి కాదన్నారు

అనంతగిరి ఘాటు రోడ్డు మీద ఓవర్సీరుగా పనిచేసిన రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. దాని సంగతి అప్పట్లో ఒక డాక్టరుకూ నా భార్యకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అన్నదమ్ములకు కూడా తెలియదు. ఇంత వయసు వచ్చాక దాచుకోవడానికి ఏముందిలే అనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

అది పంతొమ్మిది వందల ఇరవైల మధ్య కాలం. నాకు పాతికేళ్లు దాటాయి. పెళ్లయి ఏడాది కాలేదు. నా భార్యకు ఇరవయ్యేళ్లు. విజయనగరంలో నాలుగు నెలలు కాపురం చేశామో లేదో, నన్ను కొండ మీదికి బదిలీ చేశారు. ముందు నేను వెళ్లి ఇల్లు చూసుకుని, తరువాత ఆమెను తీసుకురావాలని అనుకున్నాం. ఆమె శృంగవరపుకోటలో పుట్టింటికి వెళ్లింది.

కొండ మీద నా పని వానలకు విరిగిపడిన చరియలు తీయించడం, కొట్టుకుపోయిన తూములు కట్టించడం, కంకర పరిపించడం. రోజంతా నడకే. నడవని రోజు గుర్రం. అనంతగిరిలో నాకు రెండు గదుల పెంకుటిల్లు ఇచ్చారు. వెళ్లిన రెండో నెలలోనే మన్యం జ్వరం పట్టుకుంది. వణుకుతూ మూడు రోజులు పడుకుని లేచాను. లేచిన రెండు రోజులకు మర్మస్థానంలో చురచురమని మంట మొదలైంది. మర్నాటికి గుత్తిగా చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి.

అలాంటివి అంతకు ముందొకసారి చూశాను. పెళ్లికి మూడేళ్ల ముందు, చదువుకునే రోజుల్లో, స్నేహితులతో కలిసి ఒక వేశ్య ఇంటికి వెళ్లాను. జీవితంలో ఆ ఒక్కసారే. తరువాత వారానికి జ్వరమూ పొక్కులూ వచ్చాయి. పదిహేను రోజుల్లో తగ్గిపోయాయి. బతికాననుకుని మరిచిపోయాను. కొండ మీద అవి మళ్లీ లేచిన రోజు మాత్రం అదంతా గుర్తొచ్చింది. ఇది సవాయి, ఇంగ్లీషు వాళ్లు సిఫిలిస్ అనే సుఖవ్యాధి అనుకున్నాను. మా వీధిలో సవాయి పట్టిన ఒక మనిషిని చిన్నప్పుడు చూశాను. ముక్కు కూలిపోయింది. ఆయన భార్యకు ముగ్గురు పిల్లలు పుట్టి ముగ్గురూ దక్కలేదు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు మా అమ్మ నా చెయ్యి పట్టుకుని గబగబా నడిపించేది.

నాలుగు నెలలు నాతో కాపురం చేసిన ఆ అమ్మాయికి ఏం చేశానో అన్న ఆలోచన వచ్చాక నాకు అన్నం సయించలేదు.

పొక్కులు చితికి పుండ్లయ్యాయి. పది రోజులకు మచ్చ కూడా లేకుండా మానాయి. నెల తిరక్కుండా అదే చోట మళ్లీ లేచాయి. సంతకు మైదానం నుంచి ఒక వైద్యుడు వచ్చేవాడు. పేరు చెప్పకుండా, ఎవరికో స్నేహితుడికని చెప్పి మందు అడిగాను. అతను నా మొహం చూసి నవ్వి, పాదరసం కలిపిన మాత్రలు ఇచ్చాడు. ఉప్పు లేని కూడు తినమన్నాడు. పుండు మీద మైలుతుత్తం నీళ్లు పెట్టమన్నాడు. ఆ నీళ్లు పెట్టిన రోజు నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను. మాత్రలకు చిగుళ్లు వాచిపోయాయి, నోట్లో చొంగ ఆగేది కాదు, రెండు పళ్లు కదిలాయి. పొక్కులు మాత్రం వాటి వేళకు వచ్చి వాటి వేళకు పోయేవి.

ఈలోగా నా భార్య ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఎప్పుడు రమ్మంటారు అని అడిగేది. ఒకసారి రోడ్డు తెగిందని రాశాను. ఒకసారి పులి తిరుగుతోందని రాశాను. ఎనిమిది నెలలు అలా నెట్టుకొచ్చాను. చివరి ఉత్తరంలో ఆమె ఒక్క వాక్యమే రాసింది: "అక్కడ మీకు వేరే ఎవరైనా ఉంటే, ఆ మాటే రాయండి." దాన్ని చదివి మడత పెట్టి, పెట్టె అడుగున దాచేశాను.

నా కింద పనిచేసే కూలీల మేస్త్రీ కొండదొర తెగవాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒకరోజు టైడా ఊరి దగ్గర తూము పని చూస్తుంటే పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, కాళ్లు ఎడంగా ఏసి నడుత్తన్నావు? దెబ్బ తగిలిందేటి?"

"లేదు. నిక్కరు ఒరుసుకుంది."

"ఒరుసుకుంటే మూడు నాళ్లకి పోద్ది. నీకు నెలకోపాలి వత్తంది. నాను సూత్తనే ఉన్నాను."

అతను నా వైపు చూడకుండా, రాళ్లు మోస్తున్న వాళ్ల వైపు చూస్తూ అన్నాడు: "అరుకు సంత కాడికి జొరాల డాకటేరు వచ్చినాడంట. నాలుగు నాళ్లుంటాడంట. నాతోటి ఏటీ సెప్పక్కర్లేదు. ఆయనతోటి సెప్పు. పని నాను సూసుకుంటాను, నువ్వు బేగెల్లు."

గుర్రం ఎక్కలేని స్థితి. మెల్లగా నడిచి, మధ్యలో ఒక ఊళ్లో ఆగి, మర్నాడు పొద్దెక్కాక అరకు చేరాను. డాక్టరు గారు బసచేసిన బంగళా వరండాలో జ్వరం మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. కొండవాళ్లు, దుకాణాల వాళ్లు, అడవి గార్డులు. నేను వరసలో అందరికంటే వెనక కూర్చున్నాను. నా వెనక ఎవరైనా వస్తే లేచి వాళ్లను ముందుకు పంపించాను. మూడోసారి అలా చేసేసరికి డాక్టరు గారు లోపలి నుంచి చూశారు.

"మీరు రండి. మీ జబ్బు జ్వరం కాదని తెలుస్తోంది."

తలుపు వేశారు. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు, పెళ్లికి ముందు సంగతి కూడా చెప్పేశాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. పరీక్ష చేశారు. తరువాత అడిగారు.

"లేచే ముందు ఏమైనా తెలుస్తుందా?"

"ఒకరోజు ముందు చురచురమంటుందండి. తొడలో నరం లాగినట్టుంటుంది."

"ప్రతిసారీ అదే చోటేనా?"

"అదే చోటండి."

"తగ్గాక మచ్చ?"

"ఉండదండి."

ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ అన్నారు: "ఇది సవాయి కాదండీ."

నేను విన్నాను గాని అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"సవాయి కాదు. దాని పుండు మామూలుగా ఒక్కటే లేస్తుంది. గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. మీవి గుత్తిగా లేస్తున్నాయి, మండుతున్నాయి, పోయి మళ్లీ వస్తున్నాయి. దీన్ని హెర్పీస్ అంటారు. జ్వరం వచ్చినప్పుడు కొందరికి పెదవి మీద పొక్కులు లేస్తాయి చూడండి, దానికి ఇది దగ్గర చుట్టం. దీనితో ముక్కులు కూలవు. ప్రాణం పోదు."

నేను ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పాతికేళ్లు దాటిన వాడిని, చేతి కింద నలభై మంది కూలీలున్న వాడిని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఆయన నీళ్ల గ్లాసు నా ముందు పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డారు.

తరువాత నా చిగుళ్లు చూశారు. మాత్రల సంగతి చెబితే ఆయనకు మొదటిసారి కోపం వచ్చింది. "ఈ రోజుతో ఆపెయ్యండి. ఆ మైలుతుత్తం కూడా. మీ జబ్బు కంటే ఆ మందులే మిమ్మల్ని ఎక్కువ పాడుచేశాయి."

"మరి మందేమిటండి?"

"దీన్ని ఒంట్లోంచి పూర్తిగా తీసేసే మందు నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. ఉందని ఎవరన్నా నమ్మకండి. కానీ మాటిమాటికి రాకుండా చూసుకోవచ్చు. ఏది జరిగాక మీకు లేస్తోందో కనిపెట్టండి. కొందరికి జ్వరం, కొందరికి ఎండ, కొందరికి రాపిడి, నిద్రలేమి, మనసులో దిగులు. మీది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే."

లేచినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పారు. ఉప్పు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పొడిగా ఉంచాలి. చితపకూడదు. తాకితే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేతులు కంటికి మాత్రం తగలనివ్వకూడదు. బోరిక్ పొడి పొట్లం ఒకటి ఇచ్చారు. చివరికి నేను అడగలేని ప్రశ్న ఆయనే తీసుకున్నారు.

"మీ ఆవిడ సంగతి. చురచురమన్న రోజు నుంచి, పూర్తిగా మాని కొత్త చర్మం వచ్చేదాకా దగ్గరికి వెళ్లకండి. మిగతా రోజుల్లో అంటదని నేను మాటివ్వలేను. మాకే ఇంకా తెలియదు. అందుకని ఆమెకు తెలియాలి. తెలిసి ఆమె ఒప్పుకోవాలి."

నా మనసు కుదుటపడడానికి రక్తపరీక్ష కూడా చేయిద్దామని, ఒక గాజు గొట్టంలో రక్తం తీసి విశాఖపట్నం పంపించారు. అక్కడి నుంచి అది మద్రాసు వెళ్లి, ఫలితం తిరిగి రావాలన్నారు. నెల పట్టింది. ఒక మధ్యాహ్నం తపాలా మనిషి ఘాటు ఎక్కి వచ్చి కవరు ఇచ్చాడు. విప్పితే ఇంగ్లీషులో ఒక వరస: ఫలితం నెగటివ్. నెగటివ్ అంటే మంచిది కాదనుకున్నాను. ఆ కాగితం పట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాను. కాసేపటికి కాగితం వెనక పక్క డాక్టరు గారి చేతిరాత కనిపించింది. తెలుగులో రాశారు: "అంటే లేదని. హాయిగా ఉండండి."

మేస్త్రీ కింద నుంచి అరిచాడు. "బాబూ, ఏటయింది?"

"ఏమీ కాలేదు," అన్నాను. "ఏమీ లేదట."

"నాను అనుకున్నాను," అని తిరిగి పనిలో పడ్డాడు. ఏమనుకున్నాడో నేను అడగలేదు.

ఆ రోజే నా భార్యకు ఉత్తరం రాశాను. ఇక్కడ వేరే ఎవరూ లేరు, రా, నీతో చెప్పవలసిన మాట ఒకటి ఉంది, విన్నాక వెనక్కి వెళ్లిపోతానన్నా నేనే దిగబెడతాను అని రాశాను. పది రోజులకు వాళ్ల నాన్నగారు బండి కట్టించుకుని తీసుకొచ్చారు. ఆయన ఒక పూట ఉండి వెళ్లిపోయారు. ఆయన బండి మలుపు తిరిగాక, వరండాలో ఆమెను కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. బయట వాన పడుతోంది. ఆమె బియ్యం చేట ఒళ్లో పెట్టుకుని, రాళ్లు ఏరుతూ విన్నది. నేను చెప్పడం అయ్యాక కూడా ఏరుతూనే ఉంది.

"పెళ్లికి ముందా, తరవాతా?"

"ముందే."

"నాతో కాపురం పెట్టినప్పుడు మీకు తెలుసా?"

"తెలియదు. ఒకసారి వచ్చి పోయింది కదా, అయిపోయిందనుకున్నాను."

"కొండ మీదికి వచ్చాక తెలిసింది. అప్పుడెందుకు సెప్పలేదు?"

"భయమేసింది."

"నాకూ ఎనిమిది నెలలు భయమేసింది," అని లేచి లోపలికి వెళ్లింది.

రెండు రోజులు మాట్లాడలేదు. వండి పెట్టేది, నీళ్లు తోడేది, అంతే. నేను పనికి వెళ్లి వచ్చేసరికి ఇంట్లో ఉంటుందో ఉండదో అనుకుంటూ మలుపు తిరిగేవాణ్ణి. ఆమెకు ఎప్పుడైనా అలాంటి పొక్కులు వచ్చాయా అని మాత్రం మొదటి రోజే అడిగాను. రాలేదని తల ఊపింది. ఆ తల ఊపడంతోనే నాకు సగం బరువు దిగింది.

మూడో రోజు ఆదివారం. నేను గడ్డం గీసుకుంటుంటే తన ట్రంకు పెట్టెలోంచి నా ఉత్తరాల కట్ట తెచ్చి చాప మీద పరిచింది. తారీకుల వరసన పేర్చింది.

"ఏది జరిగాక లేస్తాదో కనిపెట్టమన్నారు కదా మీ డాక్టరు. మీరు కనిపెట్టారా?"

"లేదు. నాకేమీ అంతు చిక్కలేదు."

"నాకు చిక్కింది. ఇటు రండి." సబ్బు నురగతోనే వెళ్లి కూర్చున్నాను. ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇందులో, మూడు నాళ్లు జ్వరపడి లేచాను అని రాశారు. వారం తిరక్కుండా ఇంకోటి. ఇప్పుడే రావద్దు, పులి తిరుగుతోంది. ఇదిగో మళ్లీ జ్వరం. వెనకాలే రోడ్డు తెగింది. మళ్లీ జ్వరం. వెనకాలే ఇల్లు కురుస్తోంది, రావద్దు. ఇది మే నెలలో రాశారు. నడి ఎండల్లో ఇల్లెలా కురిసిందేటండీ?"

నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది, కానీ ఆపుకుంది. ఎనిమిది నెలల్లో రావద్దని రాసిన ఉత్తరాలు ఏడున్నాయి. ఐదింటి ముందు జ్వరం ఉంది. రెండింటి ముందు లేదు. ఆ రెండూ టైడా దగ్గర చరియ విరిగిపడినప్పుడు రాసినవి. అప్పుడు నాలుగేసి రోజులు తడి బట్టలతోనే, సరిగ్గా నిద్ర లేకుండా పనిచేశాను. నా ఒంటి సంగతి, నా పక్కన లేని మనిషి, నా అబద్ధాల్లోంచి ఏరి తీసింది.

"అయితే జ్వరం రాకుండా చూసుకుందాం," అంది. చూసుకుందాం అన్న మాట విన్నాక నేను మిగతా గడ్డం గీసుకోలేకపోయాను.

అప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "చురుక్కుమన్న రోజే నాతో సెప్పాలి. దాయకూడదు. దాస్తే ఆ రోజే ఎల్లిపోతాను." ఆ షరతు నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

కొండ మీద పనిచేసేవాళ్లకు సర్కారు వారు క్వినైను పొట్లాలు ఇచ్చేవారు. చేదు అని, చెవుల్లో హోరు పుడుతుందని నేను వాటిని పెట్టెలో పడేసేవాణ్ణి. ఆమె ఆ పెట్టె బయటికి తీసింది. డాక్టరు గారు మరోసారి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం. ఉత్తరాల సంగతి విని ఆయన, "ఈ పని నేను చేయలేకపోయేవాణ్ణి," అని ఆమెతోనే అన్నారు. జ్వరాల కాలం మొత్తం క్వినైను ఎంత, ఎలా వేసుకోవాలో ఆమెకే చెప్పారు. రోజూ భోజనం అయ్యాక ఆ పొడి బెల్లం ముక్క మధ్య పెట్టి నా చేతికి ఇచ్చేది. మింగేదాకా ఎదురుగా నిలబడేది. విజయనగరం నుంచి రెండు దోమతెరలు తెప్పించాం. ఖాకీ నిక్కరు మానేసి పంచెలోకి మారి, లోపల మెత్తటి మల్లు గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టాను. మేస్త్రీ చేత వాన రోజుల్లో పొడి పంచె ఒకటి గొడుగులో చుట్టి పంపించేది. పని దగ్గర బట్టలు మార్చుకునే ఓవర్సీరును చూసి కూలీ ఆడవాళ్లు నవ్వుకునేవారు. నవ్వుకోనిమ్మన్నాను.

ఆ ఏడు వానలు వెళ్లి, చలి మొదలయ్యే ముందు, కొండల్లో జ్వరాలు విపరీతంగా వచ్చాయి. మా కూలీల్లో సగం మంది పడిపోయారు. మా దగ్గరున్న అదనపు క్వినైను మేస్త్రీకి ఇచ్చి పంచమన్నాం. నాకు జ్వరం రాలేదు. నెల గడిచింది, పొక్కు లేవలేదు. రెండో నెల గడిచింది. సంక్రాంతి నెల కూడా వచ్చింది. నేను రోజూ స్నానం చేసేటప్పుడు భయంగా చూసుకునేవాణ్ణి. ఒకరోజు చూసుకోవడం మరిచిపోయాను. పని మీద వెళ్లి, కొండల మీద వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉంటే చూస్తూ నిలబడి, హఠాత్తుగా అది గుర్తొచ్చింది. ఆ రోజు భోజనాల దగ్గర ఆమెతో చెప్పాను. "ఈ రోజు నాకు అది గుర్తు రాలేదు."

"మరి ఇప్పుడెందుకు గుర్తు చేసుకోడం? తినండి," అంది.

తరువాత మాకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. నా భార్యకు ఆ పొక్కులు ఎప్పుడూ కనిపించలేదు. అది మా జాగ్రత్తో మా అదృష్టమో నేను చెప్పలేను.

జబ్బు పూర్తిగా పోలేదు. డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి నేను అలా ఎదురుచూడలేదు. ఏడాదికి ఒకసారి, ఒక్కో ఏడు అది కూడా లేదు. మా నాన్నగారు పోయినప్పుడు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి, నిద్ర లేక, పదకొండో రోజుకు చురుక్కుమంది. ఇంటినిండా చుట్టాలు. పక్కకు పిలిచి ఆమెతో చెప్పాను. ఆమె ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆయన అలిసిపోయారని అందరితో అని, వెనక గదిలో నాకు చాప వేసింది. ఉప్పు నీళ్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టింది. రెండు రోజులు నేను అక్కడే నిద్రపోయాను. తండ్రి పోయిన దుఃఖం ఉంది గాని, భయం మాత్రం లేదు. వారానికి పొక్కులు ఎండిపోయాయి.